మీ ప్రశ్నలకు జవాబులు: లింకన్ తంతి గది

1861 నుంచి 1865 దాకా సాగిన అమెరికా అంతర్యుద్ధంలో ప్రెసిడెంట్ అబ్రహాం లింకన్‌కూ ఉత్తరాది జనరళ్లకూ మధ్య నడిచిన టెలిగ్రాముల గురించి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: వైట్‌హౌస్‌లోనే తంతి యంత్రం ఉండేదా? లింకన్ తన టెలిగ్రాములు తనే కొట్టేవాడా?

రెండూ కాదు. వైట్‌హౌస్‌లో అప్పటికి తంతి లేదు. పక్కనే ఉన్న యుద్ధ శాఖ భవనానికి నడుచుకుంటూ వెళ్లేవాడు. యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్ గదికి ఆనుకుని, ఒకప్పుడు గ్రంథాలయంగా ఉన్న గదిలో తంతి కార్యాలయం నడిచేది. 1862 మొదట్లో స్టాంటన్ మంత్రి అయ్యాక చేసిన తొలి పనుల్లో ఇదొకటి. అప్పటిదాకా సైన్యాధిపతి జనరల్ మెక్‌క్లెల్లన్ కార్యాలయంలో ఉన్న తంతిని తన గది పక్కకు తెప్పించుకున్నాడు. దాంతో ఏ జనరల్ ఏం పంపినా మంత్రి గది పక్కనుంచే పోయేది. ఆ తర్వాతి సంగతులు చాలావరకు ఈ ఒక్క మార్పు నుంచే వచ్చాయి.

లింకన్ కాగితం మీద తన చేత్తో రాసి ఇచ్చేవాడు, మీట నొక్కేది ఆపరేటర్లు. థామస్ ఎకర్ట్ ఆ కార్యాలయానికి పెద్ద. డేవిడ్ హోమర్ బేట్స్, చార్లెస్ టింకర్, ఆల్బర్ట్ చాండ్లర్ అనే ముగ్గురు కుర్రాళ్లు గుప్తలిపి పని చూసేవారు. వచ్చిన ప్రతి టెలిగ్రాం నకలూ పల్చటి కాగితం మీద రాసి ఒక సొరుగులో వేసేవారు. లింకన్ వస్తూనే ఆ సొరుగు లాగి, పైనుంచి ఒక్కొక్కటే తీసి, నిన్న తాను చదివిన కాగితం తగిలేదాకా చదువుకుంటూ పోయేవాడు. తనకు వచ్చినవే కాదు, జనరళ్లు స్టాంటన్‌కు పంపినవీ, ఒకరికొకరు పంపుకున్నవీ ఆ సొరుగులో ఉండేవి. పెద్ద యుద్ధాలు జరుగుతున్న రాత్రుళ్లు అక్కడే కూర్చునేవాడు. నాలుగేళ్లలో ఆయన పంపిన టెలిగ్రాములు దాదాపు వెయ్యి.

ప్రశ్న: తీగకు కొక్కెం తగిలిస్తే ఎవరైనా వినొచ్చు కదా. ప్రెసిడెంటు మాట శత్రువు చెవిన పడకుండా ఏం చేసేవారు? కాస్త వివరంగా చెప్పండి.

మాటలను పెద్దగా దాచలేదు, వాటి వరసను చెదరగొట్టారు. ఈ పద్ధతిని ఆన్సన్ స్టేజర్ తయారుచేశాడు. యుద్ధానికి ముందు వెస్టర్న్ యూనియన్ తంతి కంపెనీలో పెద్ద ఉద్యోగి, తర్వాత సైనిక తంతి విభాగానికి అధిపతి. మొదట ఒక చిన్న కార్డు వెనక పట్టేంత ఉన్న ఈ పద్ధతి యుద్ధం ముగిసేనాటికి 48 పేజీల పుస్తకమైంది.

అసలు సందేశమొకటి తీసుకుని చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1863 జూన్ 1న లింకన్, ఖైదీల మార్పిడి చూసే కర్నల్ లడ్లోకు పంపిన టెలిగ్రాం ఇది. ‘ట్రిబ్యూన్ విలేకరులు రిచర్డ్‌సన్, బ్రౌన్ విక్స్‌బర్గ్ దగ్గర పట్టుబడి రిచ్‌మండ్‌లో నిర్బంధంలో ఉన్నారు. ఎందుకు పట్టి ఉంచారో కనుక్కోండి, వీలైతే విడిపించండి’ అని దాని సారాంశం. రిచ్‌మండ్ శత్రువుల రాజధాని.

ముందుగా బయటపడకూడని మాటలకు పుస్తకంలో ఉన్న మారుపేర్లు పెట్టాలి. కర్నల్‌కు ‘వీనస్’, పట్టుబడటానికి ‘వేలాండ్’, విక్స్‌బర్గ్‌కు ‘ఓడర్’, రిచ్‌మండ్‌కు ‘నెప్ట్యూన్’, ప్రెసిడెంటుకు ‘ఆడమ్’, సాయంత్రం నాలుగున్నరకు ‘నెల్లీ’. ఆ తర్వాత ఇంగ్లిషు మాటలను అడ్డ వరసకు ఐదు చొప్పున ఏడు వరసలు రాయాలి. ఇలా:

ఫర్ – వీనస్ – లడ్లో – రిచర్డ్‌సన్ – అండ్
బ్రౌన్ – కరస్పాండెంట్స్ – ఆఫ్ – ది – ట్రిబ్యూన్
వేలాండ్ – ఎట్ – ఓడర్ – ఆర్ – డిటైన్డ్
ఎట్ – నెప్ట్యూన్ – ప్లీజ్ – అసర్టెయిన్ – వై
దే – ఆర్ – డిటైన్డ్ – అండ్ – గెట్
దెమ్ – ఆఫ్ – ఇఫ్ – యు – కెన్
ఆడమ్ – నెల్లీ – దిస్ – ఫిల్స్ – అప్

ఆఖరి వరసలో ‘దిస్ ఫిల్స్ అప్’ అన్నది సందేశం కాదు, మిగిలిన గడులు నింపడానికి వేసిన మాటలు. ఇప్పుడు నిలువు వరసలను ఒక దారి పట్టుకుని ఎత్తి రాయాలి. మొదటి వరస కిందినుంచి పైకి, రెండోది పైనుంచి కిందికి, తర్వాత ఐదోది కిందినుంచి పైకి, నాలుగోది పైనుంచి కిందికి, చివరగా మూడోది కిందినుంచి పైకి. ఒక్కో నిలువు వరస పూర్తికాగానే ఒక ఉత్తుత్తి మాట చేర్చాలి. అన్నింటికీ ముందు ‘గార్డ్’ అనే మాట పెట్టాలి. అదే తాళంచెవి. ఎన్ని వరసలు, ఏ దారి అన్నది ఆ మాటను పుస్తకంలో చూస్తే తెలుస్తుంది. తీగ మీద వెళ్లింది ఇది:

‘గార్డ్ ఆడమ్ దెమ్ దే ఎట్ వేలాండ్ బ్రౌన్ ఫర్ కిస్సింగ్ వీనస్ కరస్పాండెంట్స్ ఎట్ నెప్ట్యూన్ ఆర్ ఆఫ్ నెల్లీ టర్నింగ్ అప్ కెన్ గెట్ వై డిటైన్డ్ ట్రిబ్యూన్ అండ్ టైమ్స్ రిచర్డ్‌సన్ ది ఆర్ అసర్టెయిన్ అండ్ యు ఫిల్స్ బెల్లీ దిస్ ఇఫ్ డిటైన్డ్ ప్లీజ్ ఓడర్ ఆఫ్ లడ్లో కమిషనర్.’

లెక్కపెడితే మొత్తం 41 మాటలు. తాళంచెవి ఒకటి, ఉత్తుత్తివి ఐదు పోతే మిగిలేవి ఐదేళ్లు ముప్పై ఐదు. ఉత్తుత్తి మాటల ఎంపిక చూడండి: కిస్సింగ్, టర్నింగ్, టైమ్స్, బెల్లీ, కమిషనర్. ‘టర్నింగ్ అప్’, ‘ట్రిబ్యూన్ అండ్ టైమ్స్’, ‘ఫిల్స్ బెల్లీ’ – ప్రతిదీ పక్కమాటతో అతికిపోయేలా ఉంది. విన్నవాడు ఆ అతుకు పట్టుకుని తప్పుదారిన పోవాలని. రాసిన కుర్రాడు ఆలోచించే రాశాడని తెలుస్తోంది. అయితే లడ్లో, రిచర్డ్‌సన్, ట్రిబ్యూన్ అన్న మాటలకు మారుపేర్లు పెట్టలేదు. అది లోపమే. తీరిగ్గా కూర్చుంటే అక్కడినుంచి లాగొచ్చు. పుస్తకాలు పెరిగి, చివరి దానిలో మారుపేర్లు 1,600 దాటడానికి కారణం ఇలాంటి కంతలు పూడ్చడమే.

ప్రశ్న: ఇంత మెలిక పెడితే తప్పులు దొర్లవా?

దొర్లేవి. అందుకే ఈ పద్ధతి మంచిదైంది. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే మోర్స్ లిపిలో అప్పటి అమెరికన్ మోర్స్ నేటి అంతర్జాతీయ మోర్స్ కాదు. అందులో కొన్ని అక్షరాల లోపలే చిన్న ఖాళీ ఉంటుంది. మూడు చుక్కలు వరసగా వస్తే ‘ఎస్’. రెండు చుక్కలు, చిన్న ఆగుడు, ఒక చుక్క వస్తే ‘సి’. ఒక చుక్క, ఆగుడు, రెండు చుక్కలు వస్తే ‘ఆర్’. చెయ్యి అలిసిన ఆపరేటరు ఆ ఆగుడును కాస్త మింగినా అక్షరం మారిపోతుంది. కానీ తీగ మీద పోయేవి నిజమైన మాటలు కాబట్టి, ‘నెప్ట్యూన్’లో ఒక అక్షరం చెడినా అవతలివాడు సర్దుకుంటాడు. మాటే మొత్తంగా జారిపోతే నిలువు వరసలో లెక్క తగ్గుతుంది, ఉత్తుత్తి మాట రావాల్సిన చోట రాదు. ఏ వరసలో పోయిందో అక్కడే తెలుస్తుంది, ఆ ముక్క మళ్లీ అడగొచ్చు.

లింకన్ శత్రువులైన దక్షిణాదివారు దీనికి పూర్తిగా వేరే దారి పట్టారు. అక్షరం అక్షరాన్నీ మార్చే విజెనేర్ పద్ధతి వాడారు. కాగితం మీద అది ఎక్కువ గట్టిది. తీగ మీద మాత్రం బలహీనం. మధ్యలో ఒక్క అక్షరం జారితే అక్కడినుంచి చివరిదాకా తాళం తప్పి చెత్త వస్తుంది, ఎక్కడ జారిందో తెలియదు. పైగా ‘మాంచెస్టర్ బ్లఫ్’, ‘కంప్లీట్ విక్టరీ’, ‘కమ్ రెట్రిబ్యూషన్’ లాంటి కొద్దిపాటి తాళపు మాటలతోనే సరిపెట్టుకున్నారు. చాలాసార్లు సందేశంలో కొన్ని మాటలు మార్చకుండా వదిలేసేవారు. వాటి ఆసరాతోనే వాషింగ్టన్ కుర్రాళ్లు ముగ్గురూ వారి సందేశాలు విప్పారు.

ప్రశ్న: గుప్తలిపి పుస్తకం జనరళ్ల దగ్గర కూడా ఉండేదా?

ఉండేది కాదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. తాళం ఆపరేటరు దగ్గరే ఉండేది, అతను పౌర ఉద్యోగి, వాషింగ్టన్‌కే జవాబుదారీ. సైన్యాన్ని నడిపే జనరల్‌కు తన పేర వచ్చిన సందేశాన్ని తనే చదువుకునే వీలు లేదు.

1864 జనవరిలో ఇది గొడవైంది. జనరల్ గ్రాంట్ నాక్స్‌విల్ వైపు వెళ్లాడు, గుప్తలిపి తెలిసిన ఆపరేటరు శామ్యూల్ బెక్‌విత్ వెంట లేడు. సందేశాలు వచ్చాయి, విప్పేవాడు లేడు. తిరిగొచ్చాక గ్రాంట్ తన సిబ్బందిలోని ఇంజనీరు అధికారి కామ్‌స్టాక్‌కు తాళం చెప్పమని బెక్‌విత్‌ను ఆదేశించాడు. చెప్పకూడదని తనకు ఆజ్ఞలున్నాయని బెక్‌విత్ అన్నాడు. వినకపోతే శిక్ష తప్పదని గ్రాంట్ గట్టిగా చెబితే ఇచ్చాడు. అది తెలిసి వాషింగ్టన్‌లోని పైవాళ్లు బెక్‌విత్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. తప్పు తనదేనని గ్రాంట్ రాశాక తిరిగి పెట్టుకున్నారు.

గ్రాంట్ అడిగింది న్యాయమే. కానీ తాళం ఎందరి చేతిలో ఉంటే అంత త్వరగా శత్రువు చేతికి పోతుందన్న స్టేజర్ భయమూ కొట్టిపారేయదగ్గది కాదు.

ప్రశ్న: కదులుతున్న సైన్యం వెంట తీగ ఎలా వేసేవారు?

రైలుమార్గాల పక్కన స్తంభాల మీద ఉన్న తీగ ఒక రకం, యుద్ధభూమిలో వేసేది ఇంకోరకం. రెండోదానికి పైన తొడుగున్న తీగ వాడేవారు. నేల మీద పడినా, నీళ్లలో మునిగినా కరెంటు పోదు. గ్రాంట్ సైన్యంలో ఒక్కో చుట్ట బరువు 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలు. ఒక్కో చుట్టకు ఒక కంచర గాడిద, ఇద్దరు మనుషులు. జీను మీద అడ్డంగా చట్రం బిగించి, చుట్ట దానంతటదే తిరిగేలా పెట్టేవారు. దళాలు మజిలీ చేయగానే తీగ కొస ఒకడు పట్టుకుంటే, గాడిదను దళం వెనకగా నడిపించేవారు. తీగ దానంతట అదే జారుతూ పోయేది. వెనకనే బండ్లలో తెచ్చిన సన్నటి గుంజలు పాతి, బండ్లూ ఫిరంగులూ తొక్కకుండా తీగను పైకెత్తేవారు. చెట్లుంటే చెట్లకే. గాడిద ఆ దూరం నడవడానికి పట్టే సమయం కన్నా కొద్ది నిమిషాలు ఎక్కువ, అంతే. ప్రధాన శిబిరానికి మాట అందేది.

అంతకుముందు ఇంకో ప్రయోగం జరిగింది. సైన్యంలో సంకేతాలు పంపే విభాగమైన సిగ్నల్ కోర్ అధిపతి ఆల్బర్ట్ మయర్, బ్యాటరీ అక్కర్లేని బియర్డ్‌స్లీ యంత్రాన్ని నమ్ముకున్నాడు. చేత్తో తిప్పితే కరెంటు పుట్టేది. అక్షరాలు రాసిన పళ్లెం మీద ముల్లు తిప్పితే అవతలి ముల్లు అదే అక్షరం దగ్గర ఆగేది. మోర్స్ నేర్వని సైనికుడూ వాడొచ్చు. చిక్కల్లా ముళ్లు రెండూ ఒకే అడుగులో నడవాలి. ఒక్క అడుగు తప్పితే తర్వాతవన్నీ తప్పు అక్షరాలే. వేగం తక్కువ, దూరం కొద్ది మైళ్లే. 1863 మేలో చాన్సలర్స్‌విల్ దగ్గర సందేశాల ఒత్తిడికి తట్టుకోలేకపోయింది, మోర్స్ ఆపరేటర్లను దింపాల్సివచ్చింది. తర్వాత మయర్ మోర్స్ తెలిసిన వాళ్లు కావాలని తనే ప్రకటన వేస్తే స్టాంటన్ ఊరుకోలేదు. నవంబరులో పదవి పోయింది, తంతి బండ్లన్నీ స్టేజర్ విభాగానికి పోయాయి.

ప్రశ్న: టెలిగ్రాం మధ్యలో మారిపోవడం, మాయమవడం జరిగిందా?

రెండూ జరిగాయి. 1862 జూన్ 28న, అర్ధరాత్రి దాటాక, రిచ్‌మండ్ ముందు దెబ్బతిన్న మెక్‌క్లెల్లన్ స్టాంటన్‌కు పెద్ద టెలిగ్రాం పంపాడు. చివరి రెండు వాక్యాలు ఇవి: ‘ఇప్పుడు ఈ సైన్యాన్ని నేను కాపాడుకుంటే అందుకు మీకు గానీ వాషింగ్టన్‌లో మరెవరికి గానీ నేను రుణపడిలేనని స్పష్టంగా చెబుతున్నాను. ఈ సైన్యాన్ని బలిచేయడానికి మీరు చేయగలిగిందంతా చేశారు.’ తంతి సందేశాల పర్యవేక్షకుడు ఎడ్వర్డ్ శాన్‌ఫర్డ్ ఆ రెండు వాక్యాలూ కొట్టేసి మిగతాది అందించాడు. లింకన్, స్టాంటన్ అప్పట్లో వాటిని చూడలేదు. మెక్‌క్లెల్లన్ తన మాట అందిందనే అనుకున్నాడు. ఒక ఉద్యోగి కలంపోటుతో ప్రెసిడెంటుకూ ప్రధాన సైన్యాన్ని నడిపే జనరల్‌కూ మధ్య ఏముందో ఇద్దరికీ వేర్వేరుగా తెలిసింది. మంచి ఉద్దేశంతోనే చేసినా అది చేయకూడని పని.

మాయమైనదానికి దెబ్బతిన్నది గ్రాంట్. 1862 ఫిబ్రవరిలో డోనెల్సన్ కోట గెలిచాక, సెయింట్ లూయీస్ నుంచి జనరల్ హాలెక్ పదేపదే లెక్కలు అడిగాడు. గ్రాంట్ నుంచి జవాబు లేదు. తీగ చివరనున్న ఆపరేటరు దక్షిణాది అభిమాని, ఆ సందేశాలు తీసుకుని పారిపోయాడని తర్వాత తేలిందని గ్రాంట్ రాశాడు. ఈలోగా మార్చి 4న హాలెక్ ఆయన్ని సైన్యం ముందునుంచి తప్పించాడు. పది రోజులు తిరక్కుండానే మళ్లీ అప్పగించాడు.

దొంగ సందేశాల్లో దిట్ట దక్షిణాది జనరల్ మోర్గన్ దగ్గరి ఆపరేటరు జార్జ్ ఎల్స్‌వర్త్. 1862 జులైలో కెంటకీ దాడిలో తీగకు తన యంత్రం తగిలించి, ఉత్తరాది ఆపరేటర్లలాగే మాట్లాడి, మోర్గన్ లేని చోట ఉన్నాడని చెప్పి దళాలను పక్కదారి పట్టించాడు. ప్రతి ఆపరేటరుకూ మీట నొక్కే తీరు ఒకటుంటుంది. దాన్ని అనుకరించగలిగితేనే ఇది సాగుతుంది.

ప్రశ్న: తంతి చేతిలో ఉంది గనక లింకన్ వాషింగ్టన్ నుంచే యుద్ధం నడిపాడంటారు. నిజమేనా?

ప్రయత్నించాడు. 1862 మే 24న, షెనాండోవా లోయలో దక్షిణాది జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్‌ను బంధించాలని ఒకేరోజు వరసగా టెలిగ్రాములు పంపాడు. జనరల్ మెక్‌డొవెల్‌ను 20,000 మందిని లోయకు పంపమన్నాడు, జనరల్ ఫ్రిమాంట్‌ను హారిసన్‌బర్గ్‌కు నడవమన్నాడు. పటం మీద వల చక్కగా ఉంది. మూడు రోజుల తర్వాత ఫ్రిమాంట్ ఎక్కడో ఉత్తరాన మూర్‌ఫీల్డ్‌లో తేలాడు. ‘మీరు మూర్‌ఫీల్డ్‌లో ఉన్నట్టు చూస్తున్నాను. హారిసన్‌బర్గ్‌కు నడవమని స్పష్టంగా ఆజ్ఞ ఇచ్చాను. దీనర్థమేమిటి?’ అని లింకన్ అడిగాడు. దారులు మూసుకుపోయాయి, సైనికులు ఆకలితో ఉన్నారు అన్నది ఫ్రిమాంట్ వైపు మాట. జూన్ 1 నాటికి జాక్సన్ స్ట్రాస్‌బర్గ్ మీదుగా జారిపోయాడు. ఆజ్ఞ నిమిషాల్లో పోయింది, సైన్యం కాళ్లు మాత్రం బురదలోనే ఉన్నాయి.

తర్వాత ఆయన తీగను ఎక్కువగా అడగడానికీ పొడవడానికీ వాడాడు. గుర్రాలు అలిసిపోయాయని మెక్‌క్లెల్లన్ పంపితే, యాంటీటమ్ యుద్ధం తర్వాత మీ గుర్రాలు అలిసేంత పని ఏం చేశాయో చెబుతారా అని 1862 అక్టోబరులో అడిగాడు. 1863 జూన్ 14న జనరల్ హుకర్‌కు ఇలా కొట్టాడు: దక్షిణాది జనరల్ లీ సైన్యం తల మార్టిన్స్‌బర్గ్ దగ్గర, తోక ఫ్రెడరిక్స్‌బర్గ్, చాన్సలర్స్‌విల్ మధ్య ఉంటే ఆ జంతువు ఎక్కడో బాగా సన్నగా ఉండాలి, అక్కడ విరవలేరా? అంత పెద్ద పటాన్ని ఇంత చిన్న సందేశంలో పెట్టడం ఆ సొరుగు రోజూ చదివినవాడికే సాధ్యం.

అన్నీ తీగ మీద పంపలేదని కూడా గమనించాలి. 1862 నవంబరులో మెక్‌క్లెల్లన్‌ను తొలగించే ఆజ్ఞను జనరల్ బకింగ్‌హామ్ చేతికిచ్చి, మంచు కురుస్తుంటే మనిషినే పంపారు.

గ్రాంట్‌తో మాత్రం వేరే తీరు. 1864 ఆగస్టు 3న లింకన్ ఆయనకు పంపిన టెలిగ్రాం అన్నింటిలోకీ విలువైనదని మా అభిప్రాయం. లోయలోని సైన్యాలన్నీ జనరల్ షెరిడన్ కిందికి రావాలి, శత్రువును చావుదాకా తరమాలి అని గ్రాంట్ హాలెక్‌కు రాసింది లింకన్ చదివాడు. ఆలోచన సరైనదే, కానీ మీరు రోజూ, గంటగంటా కనిపెట్టి బలవంతంగా చేయిస్తే తప్ప ఇక్కడ ఆ పని జరగదు, ప్రయత్నమైనా జరగదు అని నేరుగా చెప్పాడు. తన యుద్ధ శాఖ గురించే ప్రెసిడెంటు అన్న మాట అది. రెండు గంటల్లో బయల్దేరుతున్నానని గ్రాంట్ బదులిచ్చి, వాషింగ్టన్‌లో ఆగకుండా నేరుగా సైన్యం దగ్గరికి పోయాడు. అదే నెల 17న, పీటర్స్‌బర్గ్ పట్టు వదలనన్న గ్రాంట్‌కు లింకన్: ‘నాకూ వదలడం ఇష్టం లేదు. బుల్‌డాగ్ పట్టు పట్టి, నమలండి, గొంతు నొక్కండి, వీలైనంతవరకు.’

ప్రశ్న: సవానా నగరాన్ని క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని ఉత్తరాది జనరల్ షెర్మన్ పంపిన టెలిగ్రాం ఎలా చేరింది? అప్పటికి తీగలు తెంచేశాడు కదా?

ఓడ మీద. 1864 నవంబరు మధ్యలో అట్లాంటా వదిలేముందు షెర్మన్ తన వెనక తీగ తానే తెంపించాడు. నెల రోజులు ఆయన జాడ వాషింగ్టన్‌కు ఎక్కువగా దక్షిణాది పత్రికల్లోనే దొరికింది. డిసెంబరు 22న రాసిన కానుక మాట – 150 పెద్ద ఫిరంగులు, సుమారు 25,000 పత్తి బేళ్లు సహా – ఓడలో ఫోర్ట్ మన్రోకు చేరి, అక్కడినుంచి తీగ ఎక్కింది.

ప్రశ్న: ఆ ఆపరేటర్లను సైనికులుగా లెక్కించారా?

లేదు. స్టేజర్, ఎకర్ట్ లాంటి కొద్దిమంది పైవాళ్లకే సైనిక హోదా ఇచ్చారు. మిగతావారు జీతగాళ్లు. ఏ జనరల్ ఆజ్ఞకూ లోబడకుండా ఉండాలనే స్టాంటన్ అలా ఉంచాడు. యుద్ధకాలంలో ఈ విభాగం వేసిన తీగ సుమారు 15,000 మైళ్లు. తూటాలకూ జ్వరాలకూ పోయినవారున్నారు, శత్రువుకు చిక్కి జైళ్లలో మగ్గినవారున్నారు. సైనికులు కారు కాబట్టి పింఛను రాలేదు. 1897లో కాంగ్రెసు వారి సేవను గుర్తిస్తూ ధ్రువపత్రాలు ఇచ్చింది, పింఛను మాత్రం ఇవ్వలేదు.